పై ముడత, కింది ముడత

సంక్రాంతి వెళ్లాక గుంటూరులో మిరప రెండు వాసనలతో పలకరిస్తుంది. నరసరావుపేట రోడ్డు వైపు వెళ్తే మిర్చి యార్డులో టిక్కీలు, అంటే బస్తాలు, విప్పినప్పుడు లేచే ఎండు ఘాటు. అమరావతి రోడ్డు వైపు వెళ్తే పచ్చి చేను వాసన, దాని మీద రాత్రి కొట్టిన పురుగుమందు వాసన. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే ఆ యార్డు గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. కాయ అక్కడికి చేరేలోపు దాన్ని ఎవరెవరు కొరుకుతారో, వాళ్లతో రైతు ఎట్లా వేగుతున్నాడో చూద్దామని నేను రెండో దారి పట్టాను. పల్నాడు మీదుగా కృష్ణ దాటి ఖమ్మం దాకా వెళ్లాలని అనుకున్నాను. తొందరేమీ లేదు కాబట్టి పల్లెవెలుగు బస్సులే ఎక్కాను.

మొదటి మజిలీ లాం. గుంటూరు పొలిమేర దాటిన కాసేపటికే వస్తుంది. 334 అనగానే వ్యాపారి నోట్లో ధర పలికే రకం, దాంతోపాటు ఎల్‌సీఏ అని మొదలయ్యే రకాలన్నీ ఇక్కడి పరిశోధన క్షేత్రంలో పుట్టినవే. మిరప మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం ఇక్కడే ఉంది. మడుల మధ్య నడిపిస్తూ ఒక కీటక శాస్త్రవేత్త రెండు కొమ్మలు తుంచి నా చేతిలో పెట్టారు. ‘‘ఏ మందు కొట్టాలో తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ రెండింటికీ తేడా చెప్పండి’’ అన్నారు.

రెండింటి ఆకులూ ముడుచుకునే ఉన్నాయి. ఒక దాంట్లో ఆకు అంచులు పైకి లేచాయి. రెండో దాంట్లో అంచులు కిందికి వంగి ఆకు తిరగేసిన పడవలా ఉంది, కాడ మామూలు కంటే పొడుగ్గా సాగింది. మొదటిది పై ముడత, తామర పురుగు పని. రెండోది కింది ముడత, తెల్లనల్లి పని. ఆమె ఇచ్చిన భూతద్దంతో రెండో ఆకు అడుగు భాగం చూశాను. ఈనెల పక్కన నీటి బొట్ల మాదిరి మెరిసే చుక్కలు మెల్లగా జరుగుతున్నాయి. మామూలు కంటికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది.

‘‘నల్లికి ఎనిమిది కాళ్లు. అది సాలీడు చుట్టం, కీటకం కాదు. కీటకాలకు తయారుచేసిన మందులు చాలావాటికి అది చావదు. పైగా సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చిపోయి నల్లి ఇంకా పెరుగుతుంది. రైతు మాత్రం రెండింటికీ కలిపి ముడత అని ఒక్క మాటే చెప్తాడు’’ అన్నారామె. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు చాలా సందర్భాల్లో సరిపోతుందట. ధరలోనూ అది ఖరీదైన మందుల ముందు తేలికే. ఎండ పొడిగా కాస్తే తామర పురుగు, మబ్బూ తేమా ఉంటే నల్లి చెలరేగుతాయి. వాతావరణం చూసి కూడా సగం ఊహించవచ్చు.

మూడో ముడత కూడా ఒకటుంది. ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారి గుబురుగా మిగిలిపోతుంది. అది తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్. మొక్క లోపలికి వెళ్లిన వైరస్‌ను తీసే మందు ఏ కొట్లోనూ లేదు. ఆ మొక్కను పీకి పారేయాలి, దోమను ఆపాలి. తామర పురుగు కూడా ఊరికే రసం పీల్చి పోదు, మొవ్వుకుళ్లు వైరస్‌ను వెంట తెస్తుంది. పేనుబంక మొజాయిక్ తెగులును అంటిస్తుంది. అందుకే లాంలో నారు దశ మీదే ఎక్కువ పట్టుదల. విత్తనశుద్ధి చేయాలి, సన్నటి వల కట్టిన నర్సరీలో నారు పెంచాలి, దోమ సోకని మొక్కనే పొలంలో పెట్టాలి. నాటిన తర్వాత పెట్టే ఖర్చుతో పోలిస్తే ఈ ఖర్చు లెక్కలోకి రాదు.

అమరావతి దాటి పెదకూరపాడు మీదుగా సత్తెనపల్లి వైపు సాగితే రెండు పక్కలా నల్లరేగడి. పత్తి ఏరేసిన మోళ్లు ఒక పక్క, మిరప ఒక పక్క. మొదటి కోతలు నడుస్తున్నాయి. చేలో కూలీలు వరసగా వంగి కాయలు కోస్తుంటే, పక్క చేలో మందు కొట్టే తైవాన్ పంపు మోత. రోడ్డు వారగా ఉన్న ఒక మూడెకరాల కౌలు చేను దగ్గర ఆగాను. రైతుకు నలభై ఏళ్లుంటాయి. పురుగు చూడటానికి వచ్చానంటే ముందు నవ్వాడు.

‘‘పురుగు చూడటానికి బస్సెక్కి రావాలా అండీ? మా ఇంట్లో అన్నంలో కూడా అదే గుర్తొస్తోంది’’ అంటూ జేబులోంచి పాత శుభలేఖ తీశాడు. దాని వెనక తెల్లవైపు పూల కింద పట్టి, కొమ్మను వేలితో రెండుసార్లు కొట్టాడు. అట్ట మీద పుప్పొడి రాలింది. దాంతోపాటు నల్లటి సన్నని గీతల్లాంటివి పది దాకా పడ్డాయి. ఒక్కోటి మిల్లీమీటరు పొడవు. పడీ పడగానే అట్ట అంచు వైపు పరుగు తీశాయి. వాటి మధ్య రెండు మూడు పసుపు రంగువి, ఇంకా చిన్నవి. నల్లవి ఆడవి, పసుపువి మగవి. పూవు లోపల కేసరాల మొదట్లో కూర్చుని రేకుల్నీ పుప్పొడినీ గీకి తింటాయి. రేకుల మీద గోధుమరంగు చారలు పడతాయి. పూత రాలిపోతుంది. రాలకుండా నిలిచిన పిందె గరుకుదేలి వంకర కాయవుతుంది.

ఇదే నల్ల తామర పురుగు. శాస్త్రవేత్తలు త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. దీని సొంతూరు ఇండోనేసియా, థాయిలాండ్ ప్రాంతం. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించినట్టు నమోదైంది. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2021 మొదట్లో గుంటూరు జిల్లా మిరప పూతలో దొరికింది. అదే ఏడాది చివరికి రెండు తెలుగు రాష్ట్రాల మిరప చేలన్నింటినీ కమ్మేసింది. మన దగ్గరే కాదు, 2020లో అమెరికాలోని ఫ్లోరిడాలోనూ బయటపడింది. మొక్కల వ్యాపారంతో పాటు పురుగూ దేశాలు తిరుగుతోంది.

మనకు తరతరాలుగా తెలిసిన తామర పురుగు లేతాకును పట్టుకునేది. ఆకు ముడిస్తే తెలిసేది. కొత్తది పూలలో దాక్కుంది. ఆకు చూస్తే చేను బాగానే ఉన్నట్టుంటుంది, కాపు మాత్రం నిలవదు. ఆ ఏడాది రైతు ఆకు మీదే మందు కొట్టాడు. ‘‘వారానికి రెండుసార్లు కొట్టామండీ. కొట్టిన మర్నాడు తగ్గినట్టే ఉండేది, మూడో రోజుకు మళ్లీ అంతే. పక్క చేలోంచి వచ్చేవో, నేల్లోంచి లేచేవో మాకు అర్థం కాలేదు’’ అన్నాడాయన.

ఆయన అనుమానించిన రెండూ నిజమే. ఆడ పురుగు గుడ్డును మొక్క కణజాలంలోకి గుచ్చి పెడుతుంది. పైన కొట్టిన మందు దాన్ని తాకదు. పిల్ల పురుగులు పూలలో, లేత భాగాల్లో పెరుగుతాయి. ఆ తర్వాత చాలావరకు కిందికి రాలి నేల పొరలో, రాలిన ఆకుల కింద ప్యూపాగా మారతాయి. అక్కడికీ మందు చేరదు. రెండు మూడు వారాల్లో చక్రం పూర్తయి కొత్త తరం పైకెగురుతుంది. ఏ రోజు కొట్టినా సగం సంతతి మందుకు అందని చోటే ఉంటుంది. పూలలో ఉన్న సగాన్ని చంపేసరికి నేలలో ఉన్న సగం లేస్తుంది. ఇది అర్థమయ్యాక ఆయన ఎండాకాలం లోతు దుక్కి చేయిస్తున్నాడు, ఆఖరి దుక్కిలో వేపపిండి చల్లుతున్నాడు. యూరియా తగ్గించాడు. నత్రజని ఎక్కువైన లేత పచ్చదనం రసం పీల్చే పురుగులకు విందు. సాళ్ల మధ్య నీలం రంగు జిగురు అట్టలు కట్టాడు. తామర పురుగు నీలానికి, తెల్లదోమ పసుపుకు వచ్చి అతుక్కుంటాయి. ఆ అట్టలతోనే పురుగు అంతమైపోదు. ఎప్పుడు పెరుగుతోందో ముందే తెలుస్తుంది, అంతే. మిరపకు ఆ ముందస్తు కబురే ముఖ్యం.

సత్తెనపల్లిలో ఒక పురుగుమందుల కొట్లో గంటసేపు కూర్చున్నాను. యజమాని మాటకారి. వచ్చినవాళ్లంతా అరలు చూసి అడుగుతున్నారు, చేను సంగతి చెప్పి అడిగినవాళ్లు తక్కువ. ‘‘ఆకు పైకి ముడిచిందా, కిందికా అని నేనే అడుగుతానండీ. సగం మంది చూడలేదంటారు. చూడలేదన్న మనిషికి నేనేం ఇవ్వను? పురుగుకొకటి, నల్లికొకటి, పూతకో టానిక్కు. మూడూ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టేస్తారు’’ అన్నాడు. అందులో వ్యాపారం ఎంతో, నిస్సహాయత ఎంతో విడదీయడం కష్టం. ఇక్కడ మందు నగదుకు కొనేవాళ్లు తక్కువ. కాయ అమ్మాక తీర్చే అరువు ఖాతా నడుస్తుంది. అరువిచ్చినవాడి మాట కాదని ఇంకో కొట్టుకు వెళ్లే స్వేచ్ఛ కౌలు రైతుకు ఉండదు. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఏది ఉందో, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో చీటీ మీద ఉంటుంది. ఆ అక్షరాలు చదవడానికి మళ్లీ లాంలో ఇచ్చిన భూతద్దమే కావాలి.

ఈ నేలకు ఈ పాఠం కొత్తది కాదు. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు కాయతొలుచు పురుగు మీద కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్లు విపరీతంగా కొట్టారు. మిత్ర పురుగులు పోయి తెల్లదోమ విరుచుకుపడింది. పత్తి పోయింది, అప్పులు మిగిలాయి, ప్రాణాలు పోయాయి. అప్పట్లో పత్తి వేసిన కుటుంబాల పిల్లలే ఇప్పుడు మిరప వేస్తున్నారు. కొట్టు పక్కన టీ తాగుతున్న ఒక పెద్దాయన ఆ రోజులు గుర్తుచేస్తూ, ‘‘అప్పుడు దోమ, ఇప్పుడు తామర. డ్రమ్ములు మాత్రం అవే’’ అన్నాడు.

పిడుగురాళ్ల వచ్చేసరికి దారంతా సున్నపు తెల్లదనం. సున్నం బట్టీలు దాటి దాచేపల్లి వైపు వెళ్తుంటే మళ్లీ ఎర్రటి కల్లాలు మొదలయ్యాయి. అక్కడ రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఒక ఊళ్లో, దూరం నుంచి చూస్తే జొన్న చేను అనిపించే మిరప చేను కనిపించింది. గట్టు పొడవునా చుట్టూ మూడు వరసల జొన్న. దాని వెనక మిరప, మధ్య మధ్య బంతి, మూలల్లో ఆముదం. చేను చూసుకునేది ఒక యాభై ఏళ్ల ఆమె. భర్త యార్డు పనుల మీద గుంటూరు వెళ్లాడట.

‘‘గాలిలో కొట్టుకొచ్చే దోమా తామరా ముందు జొన్నకు తగులుతాయయ్యా. అన్నీ ఆగవు. ఆగినకాడికి లాభమే కదా’’ అంటూ నన్ను ఆముదం మొక్క దగ్గరికి తీసుకెళ్లింది. ఒక ఆకు జల్లెడాకు అయిపోయింది. పచ్చదనమంతా గీకేసి ఈనెలే మిగిలాయి. తిప్పి చూపించింది. అడుగున అప్పుడే పొదిగిన పొగాకు లద్దె పురుగు పిల్లలు వందల కొద్దీ గుంపుగా ఉన్నాయి. రెక్కల పురుగు మిరప కంటే ఆముదం ఆకు మీదే ఇష్టపడి గుడ్ల ముద్ద పెడుతుంది. పిల్లలు చెదిరిపోకముందే ఆ ఒక్క ఆకు తుంచి కిరసనాయిలు నీళ్లలో వేస్తే, మిరపలోకి పాకాల్సిన వందల పురుగులు అక్కడే ఆగిపోతాయి. ఆమె మాట్లాడుతూనే ఆకు తుంచి డబ్బాలో వేసింది. ఆ పనికి అర నిమిషం పట్టింది.

ఆ పురుగు పెరిగి పెద్దదైతే కథ మారుతుంది. పగలు మట్టిపెళ్లల కింద దాక్కుని రాత్రి కాయలోకి దూరి గింజలు తింటుంది. ఆ కాయ ఎండాక తెల్లబడి తాలవుతుంది. శనగపచ్చ పురుగైతే తల లోపల, ఒళ్లు బయట పెట్టి కాయను తొలుస్తుంది. పగలు మందు కొట్టి చావలేదని బాధపడటం కంటే సాయంత్రం కొట్టడం మేలు. లింగాకర్షక బుట్టలు ఎకరాకు నాలుగైదు పెడితే రెక్కల పురుగుల ఉధృతి తెలుస్తుంది. బంతి మీద శనగపచ్చ పురుగు గుడ్లు పెడుతుంది. పొలంలో అక్కడక్కడ కర్రలు పాతితే పక్షులు వాలి పురుగుల్ని ఏరుకుంటాయి. ఆమె చేలో ఇవన్నీ ఉన్నాయి. పుస్తకంలో చూసి పెట్టింది కాదు. వ్యవసాయ శాఖవాళ్లు ఒకటి చెప్పారు, అన్నగారి చేలో ఇంకొకటి చూసింది, మరొకటి తానే ప్రయత్నించింది.

ఒక కొమ్మ మీద నల్ల చుక్కల ఎర్రటి అక్షింతల పురుగును చూపించి, ‘‘ఇదున్న చోట పేనుబంక గురించి నేను పట్టించుకోను’’ అంది. మందు అసలు కొట్టదా అంటే, కొడుతుంది. పురుగు అంచనా దాటితేనే కొడుతుంది. ముందు ఐదు శాతం వేపగింజల కషాయం, అంటే వంద లీటర్ల నీళ్లకు ఐదు కిలోల గింజల పప్పు. అప్పటికీ ఆగకపోతే మందు. ఒకసారి కొట్టిన తరగతి మందు వెంటనే మళ్లీ కొట్టదు. ఒకే మందు పదేపదే తగిలితే, దానికి చావని నాలుగు పురుగులే మిగిలి వాటి సంతానమే చేనంతా నిండుతుంది. ఆ సంగతి ఆమె తన మాటల్లో చెప్పింది: ‘‘మొండివాటిని మనమే ఏరి పెంచినట్టవుద్ది.’’

అయితే ఒక చిక్కు ఆమెకూ ఉంది. పక్క చేను కాపు అయిపోయాక మోళ్లు పీకకుండా వదిలేశారు. ఎండలో ఎండే దాకా అందులో పూత, పూతలో తామర. ‘‘నా గట్టు వరకే నా పెత్తనం’’ అంది. ఊరంతా ఒకే వారంలో నారు పోయడం, ఒకే నెలలో మోళ్లు పీకేయడం కుదిరితే పురుగుకు మధ్యలో తిండి దొరకని రోజులు వస్తాయి. ఈ మొత్తం వ్యవహారంలో పైసా ఖర్చు లేని ఉపాయం అదే. అందరూ కలవాలి కాబట్టి అన్నిటికంటే కష్టమైనదీ అదే.

పొందుగల దగ్గర కృష్ణ దాటితే వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. నది ఈవల మాట మారింది, చేను మారలేదు. మిర్యాలగూడ, సూర్యాపేట దాటి ఖమ్మం వైపు తిరిగితే తేజ రకం రాజ్యం. సన్నగా పొట్టిగా ఉండే మంట కాయ. చైనా దాకా ఎగుమతి అవుతుంది. ఇక్కడ రైతులు నల్ల తామరను కూడా నల్లి అనే అంటున్నారు. మందు తేడా తెలియక పోవడానికి ఇది చాలు.

ఖమ్మం చేరేలోపు ఒక ఊరి దగ్గర బస్సు దిగి మాట్లాడితే అందరూ 2021 నుంచే మొదలుపెట్టారు. ‘‘డిసెంబర్ల పూత మొత్తం నల్లబడి రాలింది సార్. ఎకరానికి పెట్టింది పెట్టినట్టే పాయె. ట్రాక్టర్ తెచ్చి దున్నిచ్చినం’’ అన్నాడొక యువ రైతు. ఆ శీతాకాలం మహబూబాబాద్, వరంగల్ వైపు మిరప రైతుల ఆత్మహత్యల వార్తలు పత్రికల్లో వరసగా వచ్చాయి. ఆ దెబ్బ తర్వాత అతను మిరప ఎకరం తగ్గించాడు, చుట్టూ మక్క వేస్తున్నాడు. పూత దశలో రోజూ పొద్దున్నే నాలుగు మూలలా తెల్లకాగితం మీద పూలు దులిపి చూడటం అలవాటైందట. గుంటూరు పక్క శుభలేఖ, ఇక్కడ పిల్లల నోటుబుక్కు కాగితం.

ఖమ్మం మార్కెట్లో పొద్దున్నే ఆ రోజు ధర తేల్చే జెండా పాట అయ్యాక బస్తాల మధ్య తిరిగాను. ఒక కమీషన్ కొట్టు ముందు హమాలీలు బస్తా కుమ్మరిస్తే ఖరీదుదారు వంగి రెండు పిడికిళ్లు తీసుకుని పక్కకు పరిచాడు. వంకర కాయ ఒకవైపు, తెల్లబడ్డ తాలు ఒకవైపు తోశాడు. మిగిలింది మంచి కాయ. వంకరంతా పూలలో కూర్చున్న తామర చేసింది. తాలులో కాయకుళ్లు వాటా పోను మిగిలింది లద్దె పురుగుది. ఏ నెలలో ఏ పురుగును వదిలేశామో ఆ కుప్పలే చెప్తున్నాయి. కంటికి కనిపించని మూడో లెక్క మందు అవశేషాలది. ఎగుమతిదారు నమూనాను ల్యాబుకు పంపుతాడు. స్పైసెస్ బోర్డుకు గుంటూరులో అలాంటి పరీక్షాలయం ఉంది. కోతకు ముందు రోజు కొట్టిన మందు అక్కడ దొరికిపోతుంది. ఐరోపా కొనుగోలుదారు వద్దంటే ఆ సరుకు తక్కువ ధరకు ఇంకో దారి వెతుక్కోవాలి.

మార్కెట్ బయట టీ బండి దగ్గర గొడవంతా ధర గురించే. 2021-22లో పురుగు పంటను తినేస్తే ఆ తర్వాత ధర ఎగిరింది, 2023లో క్వింటాలు 20 వేలు దాటింది. అది చూసి అందరూ వేశారు. పంట వచ్చింది, ధర కూలింది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. పురుగు ఉన్న ఏడు కాయ లేదు, కాయ ఉన్న ఏడు ధర లేదు.

‘‘వాన మన చేతుల లేదు, ధర మన చేతుల లేదు. మందు బిల్లు ఒక్కటే మన చేతుల ఉన్నది’’ అన్నాడు బండి దగ్గర నిలబడ్డ ఒక రైతు. మిరప సాగులో కూలి తర్వాత పెద్ద పద్దు మందులదే. ఆ బిల్లులో ఎంత భాగం అవసరమో, ఎంత భాగం ఆకు తిప్పి చూడకపోవడం వల్ల పెరిగిందో ఈ దారి పొడవునా ఒక్కరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. కానీ తక్కువ బిల్లు ఉన్నవాళ్లంతా చేసే పని మాత్రం ఒకటే. కొట్టుకు వెళ్లే ముందు చేలోకి వెళ్తున్నారు. ఆకు పైకి ముడిచిందా కిందికా చూస్తున్నారు, పూవు దులుపుతున్నారు. నాలుగు పదుల ఎకరాలకు ఒక మనిషి వారానికి రెండుసార్లు ఇదే పని చేసి, ఏ పురుగు ఎంత ఉందో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాసిపెట్టే ఏర్పాటు ఊరూరా ఉంటే, కొత్త మందు కనిపెట్టిన దానికంటే ఎక్కువ డబ్బు రైతుకు మిగులుతుందని నా నమ్మకం. నేను ఆ మాట అంటే టీ బండి దగ్గర రైతు ఒప్పుకోలేదు. ‘‘గోడ మీద రాసుడు ఈజీయే సార్. ఆ రాసేటోనికి జీతం ఎవలిస్తరు?’’ అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఎకరం మీద ఒక్క పిచికారీ మిగిలినా ఆ జీతానికి సరిపోతుందా లేదా అని అక్కడున్న నలుగురూ లెక్క మొదలుపెట్టారు. నా బస్సు వచ్చేసరికి కూలి, పెట్రోలు కలపాలా వద్దా అన్న దగ్గర వాదన నడుస్తోంది.